విమానం మింగిన మాట

ఆస్ట్రేలియా తీరంలోని బ్రూమ్‌ ఊళ్ళో ఆదివారం పొద్దున. రాత్రి విమానాశ్రయం పక్కనున్న ఆరుబయలు సినిమాహాల్లో చూసిన బొమ్మ గురించి మాట్లాడుకుంటూ భార్యాభర్తలు వరండాలో టీ తాగుతున్నారు.

“ఆ ముసలి కెప్టెన్ నన్ను ఏడిపించేశాడు,” అంది ఆమె.

“నాకు సాగదీసినట్టే ఉంది. కానీ చివర్లో కూతురితో ‘పడవ నీదేనమ్మా, సముద్రమే ఎవరిదీ కాదు’ అంటాడు చూడు, అబ్బ!”

ఆమె కప్పు కింద పెట్టింది.

“ఆ మాట నీకెలా వినబడింది?”

“నువ్వూ పక్కనే ఉన్నావుగా!”

“అందుకే అడుగుతున్నా. సరిగ్గా అప్పుడే పెర్త్ విమానం మన నెత్తిమీదుగా దిగింది. జనమంతా ఉసూరుమన్నారు. వాడి పెదాలు కదలడమే చూశాం.”

“ఎవరో చెప్పుంటారులే.”

“గురువారం కూడా ఇదే సినిమా ఆడింది. ఆ రాత్రి ముత్యాలు తీసే పడవ మీద పనుందని వెళ్ళావు.”

“పొద్దున్నే మొదలెట్టావా?”

“నా కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టావు?”

అంతలో ఇంటి కప్పు అదిరేలా ఇంకో విమానం దిగింది. అతని పెదాలు గబగబా కదిలాయి. ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఆమె ఓపిగ్గా ఆగింది.

“విమానం పోయింది. ఇప్పుడు చెప్పు.”