ఎనభై వేల కుట్ల చేప

ఎంబ్రాయిడరీ షాపులో డిజైన్ల బాబాయి పని, కాగితం మీది బొమ్మని కంప్యూటర్లో కుట్లుగా మార్చడం. సాయంత్రం పక్కనున్న టీ బడ్డీ దగ్గర మాత్రం ఆయన పని మాట్లాడటం. ఆరోజు ఎదురుగా టైలర్ మావయ్య, షాపులో మిషన్ నడిపే అమ్మాయి కూర్చున్నారు. బాబాయి మొదలుపెట్టాడు.

"నేను చేరిన మొదటి వారం, మావయ్యా, ఒకావిడ కూతురి గౌనూ, ఆ పిల్ల గీసిన చేప బొమ్మా పట్టుకొచ్చింది. మర్నాడు బళ్ళో పిల్ల పాట పాడాలట, గౌను మీద ఈ చేప లేకపోతే స్టేజీ ఎక్కనని మొండికేసిందట. ఓనరు నావంక ఒక చూపు చూశాడు. ఇది చెడితే నా ఉద్యోగం ఊడినట్టే."

"బొమ్మ కంప్యూటర్లో పెడితే మిషనే కుట్టేస్తుంది కదటోయ్," అన్నాడు టైలర్.

"అక్కడే అందరూ బోల్తా పడతారు. మిషన్‌కి చేపా తెలీదు, చెప్పూ తెలీదు. సూది ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, ఏ రంగు ముందు, దారం ఎక్కడ తెంపాలి, అన్నీ మనమే చెప్పాలి. పొట్టకి అడ్డకుట్లు, తోకకి ఏటవాలు కుట్లు వేస్తేనే వెలుగు తగిలి మెరుస్తుంది. అరచెయ్యంత చేపకి ఎవడైనా ఎనిమిది వేల కుట్లు పెడతాడు. నేను ఎనభై వేలు పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు."

"మిషన్ ఆగగానే ఓ పిల్లి వచ్చి చేపని నాకేసింది. సరే, ఎంగిలైంది కదా అని గౌను బకెట్లో ముంచానో లేదో, చేప తోక ఇలా ఒక్క ఊపు ఊపింది, నీళ్ళన్నీ నా మొహాన. గౌను గిరగిరా తిరుగుతోంది. నేనూ, ఓనరూ, ఆయన బావమరిదీ తడిసి ముద్దయ్యాం గానీ అది చేతికి చిక్కితేనా."

"మరెలా పట్టారు?"

"దారానికి రొట్టెముక్క కట్టి. చేపతో పని మావయ్యా, ఓపికుండాలి. ఇంతకీ అసలు సంగతి వినండి. ఆరేసి, ఆరాక తీసి చూద్దును కదా, పెద్ద చేప చుట్టూ తొమ్మిది చేపపిల్లలు. నేను పెట్టింది ఒక్కటే, ఒట్టు. మర్నాడు పిల్ల పాడుతుంటే పది చేపలూ నోళ్ళు తెరిచి వంత పాడాయని వాళ్ళమ్మే వచ్చి చెప్పింది."

అప్పటిదాకా నవ్వు ఆపుకుంటున్న అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"బాబాయ్, ఆ గౌను మిషన్ మీంచి తీసింది నేను. అంత పల్చటి గుడ్డ మీద ఎనభై వేల కుట్లు పెడితే సూది పొడిచి పొడిచి జల్లెడ చేసింది. తొమ్మిది చోట్ల చిల్లులు. మీరు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటుంటే, నేను అన్నం కూడా మానేసి, ఒక్కో చిల్లు మీద ఒక్కో చిన్న చేప చేత్తో కుట్టాను."

టైలర్ మావయ్య నవ్వాపుకోలేక టీ మీద ఒంపుకున్నాడు. బాబాయి మాత్రం తన గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు.

"పిల్లలు పుట్టాయన్నాను. అందులో అబద్ధమేముంది?"

"ఏమీ లేదు," అంది ఆ అమ్మాయి. "కాకపోతే చిల్లులు మీవి బాబాయ్, పిల్లలు నావి."