అప్‌డేటుకి లొంగని మేస్త్రీ

"మీరెవుడికీ సెప్పకండి గానీ, అమెరికావోడు నన్ను సూసి భయపడ్డాడు."

షిఫ్టు దిగి వచ్చి, తలగుడ్డకి పట్టిన నారపీచు దులుపుకుంటూ, జోగయ్య టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చున్నాడు గణపతిరావు మేస్త్రీ. గజపతినగరం రోడ్డులో జనపనార మిల్లు గేటుకి ఎదురుగా ఉంటుంది ఆ బడ్డీ. పక్కనే మెర్సీ నడిపే నెట్ సెంటరు. హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళి నాలుగు నెలలైనా బడ్డీ మీద రేకు ఇంకా సగమే. మిల్లులో పర్మినెంటు కార్మికులెవరైనా రాకపోతే, వాళ్ళ బదులు ఎవరు లోపలికి పోవాలో గేటు దగ్గర పేరు పిలిచేది గణపతిరావే. పిలిస్తే ఆ పూట పని, లేకపోతే ఇంటికి. గంగులు అలాంటి బదిలీ కార్మికుడు. ఆ పూట కూడా పిలుపు రాక బల్ల చివర ఒదిగి కూర్చుని ఉన్నాడు.

"అమెరికావోడంటే ఎవుడు బావా? పేరుంటాది కదా," అన్నాడు జోగయ్య టీ వడకడుతూ.

"కంపెనీవోడురా. ఆడి పేరుతో నీకేటి పని? ఇను, మొదట్నించీ సెప్తాను. పోయిన ఎండాకాలం మెర్సీ సెంటర్లో ఏసీ ఏయించింది కదా, సల్లగా ఉంటాదని పోనాను. ఊరికే కూకుంటే బాగోదని ఓ కంపూటరు ముందు కూకున్నాను. ఏదో బొమ్మ నొక్కితే కర్ర పట్టుకున్నోడు కనిపించాడు. క్రికెట్టే అనుకున్నాను. తీరా సూస్తే బేస్‌బాలంట. స్టంపులు లేవు, వికెట్లు లేవు, కర్ర సూస్తే రోకలి. అందులో మనం ఆడక్కర్నేదు. జట్టు కట్టి, పేర్లెట్టి, ఎవుడి తర్వాత ఎవుడు కొట్టాలో వరస ఇచ్చేస్తే, ఆ పైన కంపూటరే ఆడుకుంటాది. పొద్దున్నే ఎవుడెన్ని కొట్టాడో అంకెలొస్తాయి. మరి అడుగుతాను సెప్పు, వరస కట్టడంలో నన్ను మించినోడు ఈ జిల్లాలో ఉన్నాడా?"

"లేడు బావా, ఉంటే నువ్వు బతకనిస్తావా?"

"అదీ! జట్టుకి మన సెక్షనోళ్ళ పేర్లే ఎట్టాను. మిల్లులో ఏ వరసో ఆట్లో కూడా అదే వరస. సర్వీసున్నోడు ముందు, సర్వీసు నేనోడు ఎనక. నరసింగరావు రేపోమాపో రిటైరయ్యే మనిషి, గౌరవం ఇవ్వాల కదా, ఆడే ముందు. బదిలీవోళ్ళు బల్ల మీద."

"అంటే నాను బల్ల మీదే కదా మావా?" అన్నాడు గంగులు.

"బల్ల మీదుంటే తక్కువేటిరా? టైమొస్తే పిలుస్తాను."

"మా గుంట రోజూ అడుగుతాది మావా, నాన్నా ఈ రోజు నువ్వు ఆడినావా అని."

"పిలుస్తానన్నాను కదరా, మద్దిలో అడ్డు రాకు! ఏటి సెప్తన్నాను? ఆఁ, జట్టు. ఆ ఆట్లో పదిసార్లు కర్ర తిప్పితే మూడుసార్లు తగిల్తే ఆడు మొనగాడు. మన నరసింగరావు అయిదు కొడతన్నాడు."

"నరసింగరావా? ఆడు ఈ గేటు నుంచి బడ్డీ దాకా వస్తేనే ఆయాసపడతాడు బావా."

"ఆట్లో ఆయాసముండదురా ఎర్రోడా. అలగ జట్టు దూసుకుపోతన్నాది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఓ పొద్దున్న తెర నిండా ఎర్రటి అచ్చరాలు. ఏటమ్మా ఇది అంటే, మెర్సీ ఏటన్నాది? అప్‌డేటు, మేస్త్రిగారూ, కొట్టుడు మరీ ఎక్కువైపోనాదని కంపెనీవోళ్ళు లెక్క మార్చేసారు, ఇకమీదట బంతి అంత సులువుగా తగలదు అన్నాది. అన్నావా నేదా?"

మెర్సీ తన సెంటరు గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది. "అన్నాను," అంది. "దాంతో పాటు ఇంకో మాట కూడా అన్నాను."

"ఆ రెండో మాట తర్వాత, ముందు నా మాట అవనీ. మర్నాడు అంకెలు సూద్దును కదా, నరసింగరావు పదికి ఒకటి! మిగతావోళ్ళు సున్నాలు! ఒళ్ళు మండిపోనాది నాకు. ఎవుడ్రా నువ్వు? ఎక్కడో కుర్చీలో కూకుని నా మనుసుల కొట్టుడు మీద కత్తెరేస్తావా? మావోళ్ళు తెగ కొడతన్నారంటే అది ఆళ్ళ సత్తా, నీ సొమ్మేటి పోనాది? అప్‌డేటు ఎనక్కి తీస్తావా నేదా అని రాసి పారేసాను. తెలుగులోనే. మన తెలుగు సదవలేక కంపెనీలో నలుగురు ఉజ్జోగాలు మానేసారు."

"నలుగురేనా?"

"అది మొదటి రోజు. మర్నాటికి సగం కంపెనీ కాళీ. ఇక ఓనరే దిగొచ్చి ఫోను సేసాడు. నాకు ఇంగ్లీషు రాదని తెలిసి ఆడే తెలుగు నేర్సుకున్నాడు. అదీ మన తెలుగు! 'ఏటి మేస్త్రీ, ఎలగున్నావు, కోపమేటి?' అన్నాడు."

"రెండ్రోజుల్లో మన భాష ఎలగొస్తాది బావా, నా పెళ్ళామొచ్చి పదేళ్ళయినా దానికి రానేదు," అన్నాడు జోగయ్య. అతని భార్య కూర్మమ్మది ఒడిశాలో రాయగడ వైపు.

"నీ పెళ్ళానికి నువ్వంటే భయం నేదు, ఆడికి నానంటే భయం. అదీ తేడా. కొంచెం తగ్గు మేస్త్రీ అన్నాడు. తగ్గను అన్నాను. కాళ్ళావేళ్ళా పడ్డాడు. తగ్గనంటే తగ్గనన్నాను. ఇక లాభం నేదని ఓడేసుకుని భావనపాడు ఒడ్డుకి వచ్చేసాడు."

"ఓలమ్మో! ఇమానం ఉండగా ఓడెందుకు?"

"బరువురా! తెచ్చినవన్నీ అంకెలు. మా దగ్గర కోసేసిన మూడులు, నాలుగులు, అయిదులు అన్నీ గోనె సంచుల్లో కుట్టి తెచ్చాడు. సంచులేటనుకున్నావు? మన మిల్లువే, నేత సూసి గుర్తుపట్టాను. సేపలోళ్ళు తెలీక రెండు సంచులు ఎత్తుకుపోనారు. ఆ రోజునుంచి ఆళ్ళకి ఎన్ని సేపలు పడ్డాయో లెక్క తేలడం నేదు."

జోగయ్య పగలబడి నవ్వాడు. గంగులు కూడా నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి. నానేటన్నానో తెలుసా? నీ సంచులు నువ్వే అట్టుకుపో, నాకు నీ దానం ఒద్దు. నీ అప్‌డేటు నీ ఇష్టం, ఇంకా గట్టిగా బిగించుకో. మావోళ్ళు దాని మీదే కొట్టి సూపిస్తారు అన్నాను. ఆ రోజే వరస కట్టాను. ఏ వరస? పాత వరసే! ఒక్క పేరు మార్చనేదు. నా వరస మార్చడానికి నా అయ్యొల్ల కానేదు, అమెరికా వల్ల అవుతాదా? ఇక మర్నాడు నరసింగరావు కర్ర తిప్పాడు సూడూ, ఆ గాలికి ఇక్కడ నీ బడ్డీ రేకు లేచిపోనాది."

"అది హుద్‌హుద్‌కి లేచిపోనాది బావా!"

"పేరు ఆళ్ళు ఎట్టుకున్నారు. గాలి మాత్రం నరసింగరావుది. బంతి తెర సీల్చుకుని బయటకొచ్చేసింది. మెర్సీ సెంటరు కిటికీలోంచి ఎగిరి, రామతీర్థం కొండ దాటి, సముద్రం దాటి, అమెరికాలో కంపెనీ పెద్ద కంపూటరు నడినెత్తిన పడ్డాది. అప్‌డేటు రెండు ముక్కలు! ఆ రోజునుంచి మన జట్టు ఓటమి ఎరగదు. రేపు ఫైనలు. నా మాట నమ్మకపోతే మెర్సీనడగండి. ఏమ్మా, పట్టికలో మనం ఒకటో నంబరా కాదా?"

"ఒకటో నంబరే," అంది మెర్సీ.

"ఇన్నారా!" మేస్త్రీ తొడ చరిచాడు.

"ఇప్పుడు ఆ రెండో మాట చెప్పేదా మేస్త్రిగారూ?"

"ఇప్పుడెందుకమ్మా, టీ సల్లారిపోతాది..."

"సెప్పు, సెప్పు," అన్నాడు జోగయ్య.

మెర్సీ గ్లాసు కింద పెట్టింది. "అప్‌డేటు తర్వాత అందరూ పాస్‌వర్డు మళ్ళీ కొట్టి లోపలికి వెళ్ళాల. మేస్త్రిగారు మరిచిపోయారు. ముందు వాళ్ళావిడ ఈశ్వరి గారి పేరు కొట్టారు. తర్వాత మిల్లు పేరు, తర్వాత ఊళ్ళో దేవుళ్ళందరి పేర్లూ. ఆఖరికి మా ఏసయ్యని కూడా ఒదల్లేదు. దాంతో తాళం పడిపోయింది. అప్పట్నుంచి ఈయన జట్టులోకి అడుగు పెట్టలేదు, బయటి నుంచి అంకెలు చూసుకుని వెళ్ళిపోతన్నారు. మనిషి కొన్నాళ్ళు రాకపోతే వరస కంప్యూటరే కట్టుకుంటాది. దానికి సర్వీసూ తెలీదు, గౌరవమూ తెలీదు. ఎవరు కొడతారో అదొక్కటే చూస్తాది. మొట్టమొదట నరసింగరావు గారిని బల్ల మీద కూర్చోబెట్టింది."

"మరి ముందెవుణ్ణి ఎట్టింది?"

"గంగుల్ని."

గంగులు చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "నన్నా?"

"నిన్నే. మొదట్నుంచీ జట్టులో బాగా కొట్టే ఆటగాడు నీ పేరున్నోడే. ఎవరూ ఆడించలేదంతే. ఈ అప్‌డేటు మీద కూడా పదికి మూడు కొడతన్నది నువ్వొక్కడివే." మేస్త్రీ వైపు తిరిగింది. "ఆ తాళం తీసే దారి కంపెనీవాళ్ళు ఈ రోజు పంపించారు. తీసేదా మేస్త్రిగారూ? తీస్తే రేపటి ఫైనల్లో మీ పాత వరసే వస్తాది."

గంగులు లేచి నిలబడ్డాడు.

"ఒగ్గేయ్ మావా," అన్నాడు. "రేపొక్కటీ ఆడనీ. మా గుంటకి సెప్పుకుంటాను."

గణపతిరావు అందరి మొహాలూ చూశాడు. తలగుడ్డ తీసి మళ్ళీ బిగించి కట్టుకున్నాడు.

"ఒగ్గేయడమేటిరా? నాను తియ్యమన్నానా? పాస్‌వర్డు మరిసిపోనానని నవ్వుతన్నారా మీరు? కావాలనే మరిసిపోనాను! గంగులుగాడు ముందు కొట్టాలంటే మద్దిలో నాను అడ్డుండకూడదని నాకు ఎప్పుడో తెలుసు. అమెరికావోణ్ణి పడగొట్టింది అదే దెబ్బ. మెర్సీ, ఆ తాళం అలగే ఉండనీ. ఎవుడడిగినా గణపతిరావు మేస్త్రీ ఆర్డరని సెప్పు!"

జోగయ్య నవ్వాపుకోలేక టీ ఒలకబోశాడు. మెర్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగులు మాత్రం నవ్వలేదు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి మేస్త్రీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అయితే మావా, రేపు పొద్దున్న గేటు కాడ కూడా నీ పాత వరస ఒక్కపాలి మరిసిపో."