ఏలీయా కుర్చీ పక్క బల్ల

మనవడి సున్తీ వేడుకనాడు ఆంట్‌వెర్ప్ యూదుల ప్రార్థనామందిరంలో, నాలుగేళ్లుగా మాటల్లేని వియ్యంకులిద్దరికీ కూర్చోడానికి ఒకే బల్ల మిగిలింది.

“ఆ కుర్చీ ఖాళీయేగా బావగారూ.”

“అది ప్రతి సున్తీకీ వచ్చే ఏలీయా ప్రవక్తకి వేసింది. కాస్త జరగండి.”

“ఆయనొచ్చాడంటే వెనకే మెస్సీయ రావాలిగా. ఏడీ?”

“తోడేలూ గొర్రెపిల్లా కలిసున్న రోజే వస్తాడని యెషయా ప్రవక్త మాట. చూశారా ఎక్కడైనా?”

“మనమిద్దరం ఒకే బల్లమీద లేమూ?”

“మనలో తోడేలెవరు?”

“పిల్లల పెళ్లి విందులో చేపలకి పంచదార పట్టించారని అరిచిందెవరు?”

“చేపలకి పంచదారేంటండీ, మిరియాలు పడాలి గానీ.”

“సరే, ఇంతకీ ఆ తోడేలునీ గొర్రెపిల్లనీ తోలుకెళ్లేదెవరని రాశాడు?”

“చిన్నపిల్లవాడు.”

పక్క గదిలో మనవడు కేరుమన్నాడు. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

“పదండి బావగారూ, తోలుతున్నాడు.”