గోడల చరిత్రలో ఫస్టు క్లాసు

ఫారం మీద సంతకం పెట్టడానికి నాన్న చేతులు కడుక్కుంటున్నాడు. స్కూటర్లు బాగుచేసే షెడ్డులో చేతులు కడుక్కోవడమంటే చిన్న పని కాదు. ముందు కిరసనాయిలు, తర్వాత రంపపు పొట్టు, ఆ పైన సబ్బు, చివర్లో పాత గుడ్డ. ఈ నాలుగూ పూర్తయ్యేలోపు మామయ్య నోరు తెరవకుండా ఉంటే చాలని అమ్మాయి లోపల్లోపల మొక్కుకుంటోంది. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. యూనివర్సిటీ కౌంటరు నాలుగింటికి మూసేస్తారు. ఇవాళే ఆఖరి తేదీ.

ఆమెకి చరిత్ర చదవాలని ఉంది. పది రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. "అయిపోయినవాటి గురించి చదివి ఏం చేస్తావే?" అని నాన్న, "అయిపోయాయని ఎవరన్నారు?" అని ఆమె. చివరికి నిన్న భోజనాల దగ్గర ఆయన కాస్త మెత్తబడ్డాడు. "సరే, మీ మామయ్య చదివాడుగా. రేపు వాణ్ణి రెండు మాటలడిగి సంతకం పెడతా" అన్నాడు.

ఆ రెండు మాటలే కొంప ముంచేలా ఉన్నాయి. మామయ్య అంటే అమ్మకి తమ్ముడు. రెండు మాటలడిగితే రెండొందలు చెప్పందే వదలడు. యూనివర్సిటీలో చరిత్ర చదివానంటాడు గనక వీధిలో అందరూ ఆయన్ని ప్రొఫెసరుగారూ అంటారు, సగం మర్యాదకి, సగం సరదాకి. పని చెయ్యడని కాదు, చేస్తాడు, నెలకో పని. అమ్మాయికి ఈ చరిత్ర పిచ్చి అంటించింది కూడా ఆయనే. చిన్నప్పుడు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుని యుద్ధాల కథలు చెప్పేవాడు. ప్రతి యుద్ధంలోనూ ఏదో ఒక మూల తను కూడా ఉండేవాడు.

ఇప్పుడాయన షెడ్డు ముందు, బెంచీ బదులు వేసిన పాత కారు సీటు మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పక్క కొట్టు వెల్డరు, ముసుగు నెత్తి మీదికి తోసుకుని, టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. స్కూటరు బాగుచెయ్యడానికిచ్చి ఎదురుచూస్తున్న ఆసుపత్రి నర్సమ్మ స్టూలు మీద కూర్చుంది. ఇంతమంది వినేవాళ్ళు దొరికాక మామయ్యని ఎవరాపగలరు?

"ఏరా, ఈ చరిత్ర కోర్సు ఎలా ఉంటుంది?" నాన్న అడిగాడు, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ.

"కోర్సా? ఒక్కటనుకుంటున్నావా బావా? ఇరవై మూడు!" మామయ్య నిటారుగా కూర్చున్నాడు. "గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకందరికీ తెలుసు. మొదటిరోజు రాతియుగం క్లాసు. నా మానాన నేను వెనక బెంచీలో కూర్చున్నా. ప్రొఫెసరుగారు ఒక రాతి గొడ్డలి పైకెత్తి, అప్పటివాళ్ళు దీన్ని ఇలా పట్టుకునేవారు అన్నాడు. నేను లేచి, సార్, తిరగేసి పట్టుకున్నారు అన్నా. ఆయన చూసుకున్నాడు. నిజమే."

"బాగుంది" అన్నాడు నాన్న. కలం మూత తీశాడు కూడా. మామయ్య అక్కడ ఆగి ఉంటే ఈ గొడవే లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయితే నువ్వే వాడి చూపించవయ్యా అని గొడ్డలి నా చేతికిచ్చాడు. సరే అని కిటికీలోంచి చెయ్యి చాపి, బయట ఉన్న చెట్టుకి మెల్లిగా, మర్యాదగా, ఒక్కటిచ్చా. చెట్టు పడిపోయింది. పడ్డది పడ్డట్టుండక ముక్కలు ముక్కలుగా, కొలతపెట్టి కోసినట్టు పడింది. మా డిపార్టుమెంటులో ఇప్పటికీ ఉన్న బెంచీలన్నీ దాంతో చేసినవే!"

"మేకులు?" అన్నాడు వెల్డరు.

"రాతియుగంలో మేకులెక్కడివయ్యా?"

నర్సమ్మ కిసుక్కున నవ్వింది. నాన్న నవ్వలేదు. కలం ఫారానికి జానెడు ఎత్తున ఆగింది. అమ్మాయి ఒళ్ళో యూనివర్సిటీవాళ్ళు పంపిన కోర్సుల పుస్తకం ఉంది. ఊరికే తెరిచింది. ఒకటో నంబరు: రాతియుగం.

"తర్వాత మౌఖిక చరిత్ర. అంటే పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి, వాళ్ళ కాలం సంగతులు అడిగి రాసుకోవడం. అందరూ తాతయ్యల్ని, అమ్మమ్మల్ని పట్టుకున్నారు. నేను నూట పన్నెండేళ్ళ ముసలమ్మని పట్టుకున్నా. అడిగితే ఏమందో తెలుసా? నాకు సరిగ్గా గుర్తులేదు బాబూ, లోపల మా అమ్మ పడుకుంది, ఆవిణ్ణడుగు అంది. లోపలికెళ్ళా. ఆ అమ్మగారు మంచి హుషారుగా ఉంది. కానీ ఆ సంగతులు మా అత్తగారికి బాగా తెలుసు నాయనా, పెరట్లో బట్టలు ఆరేస్తోంది, పిలవనా? అంది!"

"పెరట్లోకి వెళ్ళావా అన్నయ్యా?" నర్సమ్మ పొట్ట పట్టుకుంది.

"వెళ్ళా. ఆవిడ నన్ను చూసి, ఎన్నాళ్ళకొచ్చావురా అంది. ఎవరనుకుందో, ఏ కాలమనుకుందో. నేను మాత్రం రాసుకున్నా."

అమ్మాయి చూసింది. రెండో నంబరు: మౌఖిక చరిత్ర. మూడోది ప్రాచీన లిపులు. ఆమె వేలు ఆ గీత మీదికి వెళ్ళేలోపే మామయ్య మొదలెట్టేశాడు. "ఇక ప్రాచీన లిపులు! మూడొందల ఏళ్ళుగా ఏ పండితుడూ చదవలేని రాగిరేకు. దేశదేశాల నుంచి వచ్చి తలలు బాదుకుని వెళ్ళారు. నేను కళ్ళజోడైనా లేకుండా చదివా. ఏముందనుకున్నారు? ఒక ఇల్లాలు మొగుడికి రాసిచ్చిన సరుకుల జాబితా. ఆఖర్న, ఇందులో ఒక్కటి మర్చిపోయినా ఇంటికి రావద్దు అనుంది. పాపం, ఆ రేకు దొరికింది అడవిలో!"

వెల్డరుకి టీ పొలమారింది. మామయ్య రెచ్చిపోయాడు. నాలుగోది వర్తక మార్గాలు. క్లాసంతా ఒంటెలతో ఎడారి దాటుతుంటే ఒంటెకి కాలు బెణికిందట, ఈయన దాన్ని భుజాన వేసుకున్నాడట, మిగతా ఒంటెలు అలిగి కూర్చున్నాయట, వాటిని కూడా వంతులవారీగా మోశాడట. ఐదోది రాజవంశాలు, ఆరోది వ్యవసాయ చరిత్ర. రెండు పరీక్షలూ ఒకే గంటలో పడితే కుడిచేత్తో రాజుల్ని, ఎడమచేత్తో రైతుల్ని రాశాడట, మధ్యలో ఇన్విజిలేటరుకి సందేహమొస్తే నోటితో తీర్చాడట. అన్నీ పుస్తకంలో ఉన్న వరసే. ఒక్కటీ ముందూ వెనకా కాలేదు. పది రోజులుగా ఆ పుస్తకం మామయ్య తలగడ కింద ఎందుకుందో అమ్మాయికి ఇప్పుడు అర్థమైంది.

అంతలో నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కటడుగుతా చెప్పరా. ఇరవై మూడు కోర్సులు. అన్నిట్లోనూ నువ్వే ముందు. మరి ఇవాళ మంగళవారం, లోకమంతా పనిచేసుకునే వేళ, నువ్వు నా కారు సీటు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నావేంటి?"

"అది వేరే సంగతి బావా."

"వేరే ఏం కాదు. అన్నీ చదివిన నీ గతే ఇదైతే, ఒక్కటి చదవబోయే దీని గతేంటి?" నాన్న కలానికి మూత పెట్టేశాడు. "నిన్ను చూశాక నాకు భయమేస్తోంది. అమ్మాయ్, ఆ ఫారం లోపల పెట్టు. ఇంకేదైనా చూద్దాం."

గడియారం మూడుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మామయ్య ముఖం పాలిపోయింది. మేనకోడలికి సాయం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. ఆయనకి తెలిసిన మందు ఒక్కటే. కోత చాలకపోతే ఇంకా పెద్ద కోత.

"ఆగు బావా, అసలుది చెప్పలేదు! పద్నాలుగో పేజీలో... అదే, పద్నాలుగో నెలలో... గోడల చరిత్ర!"

"గోడలకి చరిత్రా?"

"గోడలకి లేకపోతే ఎవరికుంటుంది! కోటగోడలు, ఇంటిగోడలు, పిట్టగోడలు. ఆ ప్రొఫెసరు ఎంత గొప్పవాడంటే జన్మలో ఎప్పుడూ ఏ గోడకీ వీపు చూపించలేదు. ప్రాక్టికల్ పరీక్ష ఏంటో తెలుసా? గోడకి చెవి ఆనించి, మూడొందల ఏళ్ళలో దానికి ఎవరెవరు ఆనుకున్నారో చెప్పాలి. నేను ఆనించా. రాజులు, సైనికులు, అలిగిన పిల్లలు, మాట్లాడుకోని అన్నదమ్ములు, ఒకడి తర్వాత ఒకడు, పేర్లతో సహా చెప్పుకుంటూ పోయా. వినీ వినీ ఆ గోడ ఉండబట్టలేక..."

"లేచి నిలబడిందా?" అన్నాడు వెల్డరు.

"గోడ నిలబడే ఉంటుందిగా? కూర్చుంది! మూడొందల ఏళ్ళుగా నా గోడు ఎవడూ వినలేదని అక్కడే చతికిలబడింది. ఫస్టు క్లాసు! గోడల చరిత్రలో ఇప్పటిదాకా ఫస్టు క్లాసు నాకొక్కడికే!"

నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాన్న పానా అందుకుని స్కూటరు వైపు తిరిగిపోయాడు. అమ్మాయి ఫారాన్ని అది వచ్చిన కవర్లో పెట్టబోతే అడుగున ఏదో అడ్డు తగిలింది. బయటికి లాగితే అరచేతంత చీటీ. పైన సన్నటి అక్షరాల్లో 'సవరణ' అని ఉంది. చదివింది. మళ్ళీ చదివింది. మామయ్య వైపు చూసింది. చెప్పాలని లేదు. చెప్పకపోతే మాత్రం ఇంకో గంటకి అంతా అయిపోతుంది.

"మామయ్యా, గోడల చరిత్రలో నిజంగా ఫస్టు క్లాసేనా?"

"నీమీదొట్టు."

"ఒట్టొద్దులే. ఇది విను." ఆమె గట్టిగానే చదివింది. "పద్నాలుగో పేజీలో అచ్చుతప్పు దొర్లినందుకు విచారిస్తున్నాము. గోడల చరిత్ర అన్నచోట ఓడల చరిత్ర అని చదువుకొనవలెను. ఈ కోర్సును ఈ సంవత్సరమే కొత్తగా ప్రారంభిస్తున్నాము."

వెల్డరు ముసుగు దానంతటదే టప్పున ముఖం మీదికి పడింది. దాని వెనకనుంచి నవ్వు, డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు. నర్సమ్మ స్టూలు దిగి నేలమీదే కూర్చుంది.

నాన్న పానా కిందపెట్టి నెమ్మదిగా వచ్చాడు. "నువ్వసలు చదివావా లేదా?"

మామయ్య కారు సీటులోంచి బయటికొచ్చిన పీచు పీకడం మొదలెట్టాడు. "క్యూలో నిలబడ్డా బావా. అది మాత్రం నిజం. కౌంటరులో ఆవిడ ఏ కోర్సని అడిగింది. ఒక్కటి రాస్తే మిగతావన్నీ పోతాయనిపించింది. అన్నీ బాగున్నాయి మరి. ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తానన్నా."

"మళ్ళీ వెళ్ళావా?"

"వెళ్ళా. నాలుగూ పదికి."

వెల్డరు ముసుగు మళ్ళీ పైకి తోసుకున్నాడు. నాన్న బావమరిది వైపు చూశాడు. తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "అంటే ఇన్నేళ్ళూ వీడు చదివి ఇలా అయ్యాడనుకున్నా. చదవక ఇలా అయ్యాడన్నమాట" అన్నాడు. "ఏదే ఆ ఫారం? ఇటివ్వు."

సంతకం బరబరా పెట్టేశాడు. పెట్టాక ఫారం ఎగాదిగా చూశాడు. "ఏంటే, కోర్సు పేరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది?"

అమ్మాయి తల దించుకుంది. పది రోజులుగా ఆ ఖాళీ గడి చూస్తూనే ఉంది. మామయ్య లేచొచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి గొంతు బాగా తగ్గించాడు. "ఏదో ఒకటి రాసెయ్యమ్మా. మొదటి ఏడు దాటాక కావాలంటే మార్చుకోవచ్చట. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు."

ఆమె రాసింది. ఓడల చరిత్ర. సిరా ఆరేదాకా మామయ్యే ఊదాడు.

"నా స్కూటరు మీదెళ్ళండి, నా డ్యూటీ ఐదింటికేగా" అంది నర్సమ్మ. నాన్న ఆఖరి నట్టు బిగించి, ఒక్క తన్నుతో స్టార్టు చేశాడు. అమ్మాయి వెనక కూర్చుని కవరు గుండెకి హత్తుకుంది. మామయ్యకి ఏదో ఒక మాట చెప్పి వెళ్ళాలనిపించి వెనక్కి తిరిగింది. అప్పటికే ఆయన కారు సీటు మీద కాళ్ళు చాపుకుని, వెల్డరుని దగ్గరికి పిలుస్తున్నాడు.

"అది సరేగానీ, ఆ రోజు ఆ క్యూలో నా ముందు ఎంతమంది ఉన్నారో తెలుసా?"

"ఎంతమంది గురువుగారూ?"

నాన్న గేరు మార్చాడు. మామయ్య చెప్పిన అంకె ఇంజను మోతలో కలిసిపోయింది. చాలా పొడవైన అంకే అయ్యుండాలి. వీధి మలుపు తిరిగేదాకా ఆయన నోరు ఇంకా మూతపడలేదు.