తిరగలికి గంపెడు గింజలు

సూరాడ గంగులని ఒకడుండీవోడంట. మా రేవులో ఆడి తెరసాప నావని దాటెల్లే నావ నేదు. అలాటోడికి ఇంజను మోజు పట్టినాది. పట్నం ఎల్లి పాత ఇంజనొకటి, దానికో గేరుబాక్సు తెచ్చీసినాడు. బిగించడానికొచ్చిన మేస్త్రీ ఏటన్నాడంటే, బాబూ, ఇంజను రెండు సుట్లు తిరిగితే నీళ్లలో పంకా ఒక సుట్టు తిరుగుతాది, ఈ గేరుబాక్సు లెక్క అది, దీనికి సిన్న పంకాయే సరి, పెద్దదేసుకోవాలంటే మూడు సుట్లకొకటి తిప్పే గేరుండాల అన్నాడంట. మనోడింటాడా? పుట్టినకాణ్నించీ తెడ్డేసినోడు గదా, తెడ్డెంత ఎడల్పుంటే తోపంత. పంకా మాత్రం అంతే గాదేటని, సూడండి, పెళ్లిళ్లలో అన్నం వార్చే పళ్లెమంత పంకా ఏరి మరీ బిగింపించీసినాడు. ఆడి పెళ్లాం నూకాలు అప్పటికీ సెప్పిందంట. "మావా, తిరగలికి గుప్పెడేస్తే తిరుగుతాది, గంపెడేస్తే తిరుగుతాదా?" అని. "నావ సంగతి ఆడదానికేటి తెలుసే, పో" అనీసినాడు. మన రేవులో ఆడది నావెక్కడం మాట దేవుడెరుగు, అంచు మీద సెయ్యేసినా గంగమ్మకి కోపమొస్తాదనీవోరు గదా. అక్కడితో ఆగినాడా? ఇంజనుండగా తెరసాపెందుకని ఇప్పీసి, కొత్త ఇంజను విందుకని దాన్నే ఒడ్డున పందిరేసీసినాడు. సాప కట్టే కొయ్య పీకడానికి బద్దకించినాడు గానీ, నేకపోతే ఈ కతే నేదు.

ఏమైందంటే, కొబ్బరికాయ కొట్టి, ముసిలి అయ్యని ముందర కూకోబెట్టుకుని ఎల్లినాడు. నెమ్మదిగా తిప్పినంతసేపూ బాగానే ఎల్లినాది అనుకోండి. ఇంతలో గాలి తిరిగినాది. నావ రాళ్ల తిప్ప ఏపు జారిపోతోంది. గంగులు ఇంజనుకున్న బలమంతా ఇచ్చీసినాడు. ఓలమ్మో! మూలిగినాది, నల్లటి పొగ కక్కినాది, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోనాది. మల్లీ తిప్పితే మల్లీ అంతే. మల్లీ అంతే. అలవాటుగా తెరసాప తాడు కోసం సెయ్యి సాపినాడంట. పైకి సూస్తే ఉత్త కొయ్య. అయ్య ఆడి మొగం ఏపు సూసినాడు. ఈ ముసిలోడ్ని నా సేతుల్తో సంపేస్తన్నానని గంగులుకి ఏడుపొచ్చీసింది.

అప్పుడు కెరటం మీదకి తెప్పొకటి లేసినాది. తెప్ప మీదెవురు? నూకాలు! పొగ సూసిందంట, పందిరి లాగీసిందంట, తెరసాప సుట్టి తమ్ముడి తెప్ప మీదేసుకుని తెడ్డేసుకొచ్చీస్తోంది. గంగులైతే ఎదురుగా రాళ్లున్నాయన్న సంగతే మర్సిపోయి, ఆడది సముద్రం మీదకొచ్చీసిందేటని అలా సూస్తా ఉండిపోనాడంట. అదొచ్చి అంచట్టుకుని నావలోకి గెంతీసినాది. "సూత్తావేటి మావా, తాడట్టుకో!" ముగ్గురూ కలిసి సాప లేపినారు. గాలి నిండినాది. తిప్పకి బారెడు దూరంలో నావ మలుపు తిరిగినాది.

ఒడ్డుకొచ్చీసరికి రేవు పెద్దలు నెత్తి బాదుకుంటన్నారు. ఇద్దరి పేణాలు పోతన్నప్పుడు బాదుకోలేదు, సూడండి, దీనికి బాదుకున్నారు! "నావ మైలపడిపోనాది గంగులా, పసుపునీల్లతో కడగాల" అన్నారంట. గంగులు తలొంచుకుని నిలబడిపోనాడు. నూకాలు కొంగు పిండుకుంటా, "కడగండి బాబూ. ముందు ఆ పంకా ఊడదీసి కడగండి" అందంట.

మర్నాడే సిన్న పంకా బిగించినారు. నావ ఇప్పటికీ తిరుగుతాంది. కోపమొస్తాదన్న గంగమ్మ మాత్రం, అదీ ఆడదే గదా, కిమ్మనలేదు.