రిబ్బన్లు లేని కట్ట

శనివారం ఉదయం ఎనిమిది దాటింది. విడవలూరు అవతల, రొయ్యల గుంటల మధ్య, గండి పడిన మట్టికట్ట మీద మగ్దలీనమ్మ, ఆమె కోడలు అబిగయీలు.

"కదలబాకు! కదిలేకొద్దీ ఇంకా దిగిపోతావు. ఉండు, నేనొస్తావుండా."

"అత్తా! మీరెందుకొచ్చినారు? మీరు మూడో టెంటు కాడ నీళ్లు ఇస్తా ఉండాలి కదా?"

"ఎస్తేరమ్మకి అప్పజెప్పి వచ్చినా. సుశీలు ఫోన్ చేసినాడు. 'అమ్మా, అబిగయీలు చుక్క కదలడం లేదు, పోయి చూడు' అని."

"చుక్క..."

"అదే, నీ చేతి గడియారం. నువ్వు యాడుంటే ఆడ వాడి ఫోన్లో చుక్క కనిపిస్తాదంట కదా. పది నిమిషాలుగా ఒకే తావున ఉండావంట."

"పన్నెండు."

"ఏంది?"

"పన్నెండు నిమిషాలు. నేనూ చూసుకుంటానే ఉండా."

"రెండు కాళ్లూ దిగినాయా?"

"ఎడమది మోకాలు దాటింది. కుడిది పిక్క దాకా. లాగితే బూటు పట్టేసుకుంటా ఉంది."

"సముద్రంలో ఈదాలంట, అయినాక సైకిలు తొక్కాలంట, అయినాక ఇసకలో పరిగెత్తాలంట. అదన్నా రోడ్డు మీద కాదు, గట్ల మీద, గుంతల్లో. ఎవడు కనిపెట్టినాడమ్మా ఈ పందెం!"

"ట్రయాథ్లాన్ అత్తా."

"ఏదో ఒకటి. మొదటిసారి దిగినదానివి, చూసుకొని పోకూడదా? ఉండు, ఫోను మోగతా ఉంది, మళ్లీ వాడే. స్పీకర్లో పెడతావుండా. హలో, సుశీలూ, కనిపించింది. బురదలో దిగబడింది."

"బురదా? రూట్లో బురదెక్కడుంది? అబీ, వినిపిస్తోందా?"

"ఆఁ, వినిపిస్తోందండీ."

"నెల రోజులు మ్యాప్ పెట్టి చూపించినా కదా. మూడో టెంటు దాటినాక కుడి. ఎర్ర రిబ్బన్లు కట్టే ఉంటాయి. ఎడమకి ఎందుకు పోయినావు?"

"చూసుకోలేదండీ."

"చూసుకోలేదు! ఆడవాళ్లలో మూడో స్థానంలో ఉండావు, తెలుసా? మైకులో నేనే చెప్పినా. సంఘమంతా బ్యానర్ పట్టుకొని నిలబడి ఉండారు. పాస్టరు గారు ప్రార్థన కూడా చేసినారు. ఇప్పుడేం చెప్పేది వాళ్లకి?"

"వస్తానండీ. వచ్చేస్తా."

"అమ్మా, నువ్వు చెయ్యి ఇవ్వబాకు. బయటివాళ్లు సాయం చేస్తే పందెంలోంచి తీసేస్తారు. దాన్నే బయటికి రానీ."

"మోకాలు దాటి దిగబడిందిరా."

"వస్తాదిలే. అన్నీ నేర్పించినా కదా. నీ మంచికే చెప్తావుండా అబీ, అర్థమవుతోందా? పావుగంట చూస్తా. చుక్క కదలకపోతే నేనే బండేసుకొని వస్తా."

"సుశీలూ... పెట్టేసినాడు."

"మీరు పోండత్తా. టెంటు కాడికి పోండి. నేను వచ్చేస్తా."

"పొమ్మంటావేంది? పావుగంటలో ఎట్టా వస్తావు?"

"వస్తా. మీరుంటే... ఎవరన్నా చూస్తే మాటొస్తాది కదా."

"ఈడ చూసేదెవరు, కొంగలా? ఒక్క పందెగాడూ రాలేదు ఈ కట్ట మీదికి. అంతమందికి కనిపించిన రిబ్బన్లు నీకే కనిపించలేదా?"

"కళ్లల్లో ఉప్పునీళ్లు."

"సముద్రంలోంచి లేసి గంటయింది."

"చెమటత్తా."

"సరే, చెమట. ఆ సైకిలు ఇట్టా నీ ముందర అడ్డంగా పడేద్దాం. దాని మీద ఒళ్లు ఆనించొచ్చు. ఈ సీటు కింద సంచి ఏంది, ఉబ్బిపోయి ఉంది?"

"అది ముట్టుకోబాకండి!"

"పంక్చరు సామానే కదా. తడుస్తాదని తీస్తావుండా."

"అత్తా, వద్దు..."

"అబీ."

"ఊఁ."

"ఇది నీ నర్సింగు సర్టిఫికెట్టు. బీరువాలో ఉండేది. బీరువా తాళంచెవి సుశీలు మెళ్లో ఉంటాది."

"స్నానానికి పోతా తీసి పెట్టినారు. ఒక్కసారే పెట్టినారు."

"పందేనికి సర్టిఫికెట్టు ఎందుకమ్మా? నిన్నే అడుగుతావుండా."

"ఈ కట్ట యాడికి పోతాదో మీకు తెలుసు కదత్తా."

"కొడవలూరు పోయే రోడ్డుకి."

"ఆడ కరుణాకుమారి అక్క స్కూటరేసుకొని ఉంటాది. నర్సింగు హాస్టల్లో నా సీనియరు. ఇప్పుడు చిల్లకూరులో ఉంటాది. ఆడ ఒక ఆస్పత్రిలో నాకు పని మాట్లాడి పెట్టింది. తొమ్మిది దాకా చూస్తానంది. దాటితే నేను రానట్టే అనుకొని పోతాది."

"ఆమెతో ఎప్పుడు మాట్లాడినావు? నీకు ఫోనే లేదు."

"ఈత నేర్చుకొనే కాడ, ఆడోళ్లు బట్టలు మార్చుకొనే గదిలో. ఎవరో ఒకామె ఫోన్ ఇచ్చింది. ఆ గదిలోకి ఆయన రాలేరు కదా."

"ఎప్పట్నుంచి అనుకుంటా ఉండావు ఇదంతా?"

"ఆయన నా పేరు మీద ఈ పందెం ఫారం నింపినప్పట్నుంచి. నాలుగేళ్లలో నేను ఒంటిగా బయట ఉండేది ఈ మూడు గంటలే అత్తా. చుక్క దారి తప్పిందని ఆయన కనుక్కొనే లోపల రోడ్డెక్కేస్తే చాలనుకున్నా. గండి పడిందని తెలీదు."

"మొన్న వానకి పడింది. సుశీలు నీ మీద చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు."

"తాగడు. తిరగడు. సంఘంలో వాడంటే అందరికీ..."

"తెలుసత్తా. కొట్టి ఉంటే ఎవరికన్నా చెప్పుకొనేదాన్ని. ఇప్పుడేం చెప్పేది? అన్నీ నా మంచికే. ఉద్యోగం మాన్పించింది నా మంచికే. ఫోన్ తీసుకొనింది నా మంచికే. ఈ గడియారంలో నేనెంతసేపు నిద్రపోయినానో కూడా చూస్తారు. మధ్యలో మెలకువొస్తే కదలకుండా పడుకుంటా. కదిలితే పొద్దున అడుగుతారు, ఏం ఆలోచిస్తా ఉండావని. చెప్పేయండి. ఫోన్ చేసి చెప్పేయండి. కాలే తీసుకోలేను, ఇంక యాడికి పోతా?"

"బాత్రూం గడియ ఊడిపోయిందని చెప్పినావు నాకు, క్రిస్మస్ ముందు."

"ఊడిపోయింది."

"ఊడితే స్క్రూలు కింద పడుంటాయి. చెక్క పగులుతాది. ఆ తలుపుకి గీత కూడా పడలేదు. ఒక్కొక్కటీ తిప్పి తీసినారు. నేను చూసినా."

"జారిపడితే తెలియాల కదా అన్నారు."

"చూసి ఊరకే ఉన్నా. ఆ ఆదివారం ముందు బెంచీలో కూర్చొని పాట కూడా పాడినా. ఇట్టా చెయ్యియ్యి."

"ఆయన చెయ్యి ఇవ్వద్దన్నారు."

"ఇయ్యి అంటావుండా! అట్టా లాగబాకు. లాగితే బురద ఇంకా గట్టిగా పట్టుకుంటాది. ముందు ఆ బూటు తాళ్లు విప్పు. అందుతాదా?"

"కుడిది అందింది. ఎడమది... ఉండండి... ఊఁ, వదులయింది."

"వేళ్లు ఆడించు. మడమ పైకెత్తు. సందులోకి నీళ్లు పోవాల. నీళ్లు పోతేనే బురద వదులుతాది. ఇప్పుడు సైకిలు మీద బోర్లా పడుకో. పెళ్లికి ముందు ఈ కాలవల్లో గుల్లలు ఏరినదాన్నిలే. ఎన్నిసార్లు దిగబడినానో."

"రావడం లేదత్తా. ఆయన వచ్చేస్తారు."

"వస్తే వస్తాడు. రోడ్డు దిక్కు చూడబాకు, నా దిక్కు చూడు. ఏదో ఒకటి మాట్లాడు. సముద్రం ఎట్టా ఉండింది?"

"బాగుండింది."

"అంతేనా?"

"అలలు దాటేదాకా భయమేసింది. రెండుసార్లు ఉప్పునీళ్లు మింగినా. దాటినాక... అరగంట అత్తా. చెవుల్లో నీళ్లు. ఎవరూ నన్ను పిలవలేదు. యాడుండావని అడగలేదు. ఒడ్డుకి రాబుద్ధి కాలేదు."

"కుడి కాలొచ్చింది చూడు. ఇంక రెండోది."

"మీరు పడతారు! అంత ముందుకి రాబాకండి!"

"పడితే పడతా. ఊఁ, తన్ను. సముద్రంలో తన్నినట్టే తన్ను!"

"అమ్మా!"

"వచ్చింది, వచ్చింది. లేయి. కాలు మెలిక పడిందా?"

"లేదు. బూట్లు లోపలే ఉండిపోయినాయి."

"ఉండనీ. నా చెప్పులేసుకో. ఆ సర్టిఫికెట్టు రవికలో పెట్టుకో... ఇదేం గుడ్డలమ్మా, పెట్టుకొనే తావే లేదు. చేత్తో పట్టుకొని పో."

"టైమెంతత్తా?"

"ఎనిమిది నలభై. పరిగెత్తితే పదిహేను నిమిషాల్లో రోడ్డు. ఆ గడియారం ఇట్టా ఇయ్యి."

"గుంటలో పారేస్తా."

"పారేస్తే చుక్క ఆగిపోతాది. ఆగితే వాడొస్తాడు. నేను సైకిలు తోసుకుంటా రిబ్బన్ల దారిన పోతా. పోతా ఉంటే రాడు."

"మీరా? అంత దూరమా?"

"నా కాళ్లకేమొచ్చింది? మళ్లీ వాడే. రా, నువ్వే మాట్లాడు."

"నేనేమని..."

"మాట్లాడు. గొంతు వినిపించాల."

"హలో... నేనేనండీ."

"కదిలింది చుక్క! చూసినావా? అమ్మ చెయ్యి ఇవ్వకపోతేనే వచ్చినావు. నేను చెప్పింది వింటే ఎప్పుడూ ఇట్టానే ఉంటాది."

"ఊఁ."

"ఇంకెంతసేపు?"

"సైకిలు పంక్చరయిందండీ. తోసుకుంటా రావాల. గంట పడతాదేమో."

"గంటా? అయితే మూడో స్థానం పోయినట్టే."

"పోయినట్టేనండీ."

"సరే. ఫినిష్ అన్నా చెయ్యి, బ్యానరుంది. వచ్చే ముందు ముఖం కడుక్కో, ఫోటోలు తీస్తారు."

"అట్టాగేనండీ."

"పెట్టేసినాడా?"

"పెట్టేసినారు."

"చెయ్యి చాపు. ఆ పట్టీ నేను విప్పుతాలే. ఇది ఇట్టా లాగితే వస్తాదా? ఊఁ, వచ్చింది. ఏమ్మా, మణికట్టు చుట్టూ ఇంత తెల్లంగా ఉంది!"

"తీసేదాన్ని కాదు కదా."

"పో ఇంక. నిలబడబాకు."

"పరుగు మిగిలిపోయిందత్తా."

"ఏంది?"

"పందెంలో. ఇసకలో పరుగు, సర్వి చెట్ల తోపుల్లో ఎనిమిది కిలోమీటర్లు. పారిపోవాలనే దిగినా గానీ, దిగినాక పూర్తి చెయ్యాలనిపించింది. నిజంగానే మూడోదాన్ని. నాకంటే ముందు ఇద్దరే ఉండారు."

"రోడ్డు దాకా పరిగెత్తు. మైకులో చెప్పేవాళ్లుండరు, అంతే తేడా."

"మిమ్మల్ని ఏమంటారో."

"వాడేమంటాడో నాకు కొత్తా? వాళ్ల నాయన అన్నవే అంటాడు. పో."

"మీరూ రండి. స్కూటరు మీద సర్దుకొని ముగ్గురం పోదాం. రండత్తా."

"నేనొకసారి పోయినాలే. ఈ కట్ట మీదే నడిచి, ఆ రోడ్డు కాడే బస్సెక్కినా. కొడవలూరు దాకా పోయినా."

"మీరా? ఎప్పుడు?"

"ముప్పై నాలుగేండ్లయింది."

"మరి ఎందుకు దిగేసినారు?"

"ఒళ్లో ఉండే సుశీలు, 'నాయన కావాల' అని ఏడ్చినాడు."