నోట్లో గుండుసూదులు

హలో… ఆ, నేనేలే అక్కా. షాపు నుంచే.

లేదు, మిషను ఆపేశాను. నీతో మాట్లాడాలనే ఆపాను. ఎక్కడున్నావ్, వంటింట్లోనా? … స్టవ్వు కట్టేసి కూర్చో. చెప్పేది కాస్త పొడుగుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఊపిరి పీల్చుకో. … నీ కూతురు ఇక్కడే ఉంది. కాలేజీకి వెళ్ళలేదు. నా కత్తిరింపు బల్ల కింద గుడ్డపీలికల్లో ముడుచుకుని కూర్చుంది. … నీకు ఫోన్ చేస్తున్నానని. మొహం చూపించనంటోంది.

ముందు ఒకటి చెప్పు. బావగారు ఇంట్లో ఉన్నారా?

… నడకకి వెళ్ళారా. బడికి సెలవైనా నడక మానలేదన్నమాట. … అబ్బే, నవ్వట్లేదు. దగ్గు.

అవును, దాని షార్ట్ ఫిల్మ్ సంగతే. నీకు తెలుసుగా, ఇది ఒక ముసలి డైరెక్టరంటే పడి చస్తుంది. … ఆయనే, ఎక్కడో సముద్రాలవతల ఉంటాడు. దీని గదిలో ఫొటో ఉంది చూడు, బస్సు తప్పిపోయినవాడిలా మొహం పెట్టుకుని, ఆయన. ఆయన సినిమాల్లో ఎవరూ నటించరట. ఉంటారట, అంతే. కెమెరాని ఓ మూల పెట్టేసి దాని మానాన దాన్ని వదిలేస్తాడట. ఒక్కసారే తీస్తాడట. బాగొచ్చినా బాగోకపోయినా మళ్ళీ తియ్యడట. … నేనూ అదే అడిగాను, మరి ఆయన చేసే పనేమిటని. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆయనలాగే తీస్తానని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పన్నెండు నిమిషాలు. ఒక టైలరమ్మ కుట్లు విప్పుతూ కూర్చుంటుంది. ఒక కస్టమర్ వచ్చి తన బట్టల కోసం ఎదురుచూస్తాడు. ఒక్క మాట ఉండదు. అదే కథ. … 'జవాబు లేని లెక్క.' చూశావా, బావగారి మాటే నువ్వూ అన్నావ్. లెక్కల మేష్టారి పెళ్ళాం అనిపించుకున్నావ్.

దీని భయం కూడా అదేగా. కిందటేడు ఇది గోడ మీద నీడ కదలడం తీస్తే ఆయన ఏమన్నారు? ఈసారి కాలేజీ వాళ్ళు దీని సినిమా ఎంచుకుని తెర మీద వెయ్యకపోతే, ఈ సినిమా చదువు మాన్పించి టీచర్ ట్రైనింగులో చేరుస్తానన్నారు. … నీ ముందే అన్నారు. నువ్వు కూర కలుపుతూ ఊరుకున్నావ్.

సరే, టైలరమ్మని నేనే. నా చేతులు బాగుంటాయట. మొహం సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు. కానీ నా నోరు ఆగదని దీనికి తెలుసు. అందుకని నా పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టింది. ఇక నేనేం మాట్లాడతాను.

మొన్న కస్టమరుగా ఒక నాటకాల మనిషి రావాల్సింది. మొహం చాటేశాడు. గంట చూసి, చూసి, 'పోనీ పిన్నీ, నీ ఒక్కదాన్నే తీస్తాను' అంది. కెమెరాని లైనింగు గుడ్డల వెనక పెట్టింది. దీనితో వచ్చిన పొడుగమ్మాయి చప్పుళ్ళు పట్టడానికి చెవులకి డిప్పలు తగిలించుకుని ట్రయల్ రూము తెర వెనక నిలబడింది. ఇదేమో బల్ల కింద దూరింది. కెమెరా నడుస్తోంది. నేను కుట్టు విప్పుతున్నాను. రెండు నిమిషాలైందో లేదో, తలుపు తోసుకుని ఎవరొచ్చారనుకున్నావ్?

బావగారు.

… నడకకే బయల్దేరారక్కా. నడిచే వచ్చారు. అందులో అబద్ధమేం లేదు.

ఎందుకంటే… నువ్వు కోప్పడనంటేనే చెప్తా. … ప్యాంట్ల కోసం. నడుము వదులు చేయించుకుంటున్నారు. ఈ ఏడాదిలో ఇది మూడోసారి. … నువ్వు ఉడకబెట్టిన కూరలే పెడుతున్నావ్, కాదనను. బడి పక్క బేకరీలో ఆయన ఏం తింటున్నారో నన్నడక్కు. లోపల మడిచి కుట్టిన గుడ్డ కూడా అయిపోయింది. ఇంకోసారి వస్తే కొత్త గుడ్డ అతకాల్సిందే.

అది ఆయనతో తేల్చుకో. నాది అయ్యేదాకా విను.

ఇది అప్పుడే లేచి, నాన్నా ఇక్కడ కెమెరా ఉంది అనొచ్చు. అనలేదు. … నేనా? నేనెలా చెప్పను, నోట్లో సూదులు. … తీసేయొచ్చు, నిజమే. నిజం చెప్పనా, తీసేయబుద్ధి కాలేదు.

ఆయన అద్దం ముందు నిలబడి, టేపు తీసుకుని, తన నడుము తనే కొలుచుకున్నారు. ఊపిరి బిగబట్టి ఒకసారి. వదిలేసి ఒకసారి. రెండూ కూడి సగం చేసి నాకు చెప్పారు. … ఒట్టు. నాకు కడుపు చెక్కలవుతోంది, నవ్వితే సూదులు దిగుతాయని భయం.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను నోరు విప్పకపోయేసరికి ఆయన విప్పారు. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఆయన్ని మాట్లాడనిచ్చామా మనిద్దరం? … అదే మరి.

పిల్ల గురించి. ఆ గోడ సినిమాని, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు, తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్లో నాలుగుసార్లు చూశారట. … ఆ, ఆయనే. 'ఆ నీడ వచ్చి వచ్చి గోడ పగులు దగ్గర ఆగిపోతుందమ్మాయ్. అక్కడ నాకు ఊపిరాడదు. ఎందుకో తెలీదు. దాన్నే అడుగుదామంటే, చదువు మానెయ్యమన్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడగను?' అన్నారు.

… అక్కా? ఉన్నావా?

… నాకూ అంతే. విప్పాల్సిన కుట్టు వదిలేసి పక్క కుట్టు విప్పేశాను.

ఒక ప్యాంటు తీసుకుని, రెండోదానికి ఇవాళ వస్తానని వెళ్ళిపోయారు. ఇది బల్ల కింద నుంచి వచ్చింది. ఏడ్చిందో నవ్విందో, ముక్కు మాత్రం నా సిల్కు ముక్కకి తుడిచింది.

వాళ్ళ కాలేజీ మేడం ఆ తీసినదాన్ని రెండుసార్లు వేసుకుని చూశారట. ఇదే ఇవ్వు, కానీ అందులో కనిపించే మనిషి సంతకం తేవాలి, తెలియకుండా తీసినదాన్ని ఆయన ఒప్పుకోకుండా ఎవరికీ చూపించకూడదు అన్నారట. … మంచి మాటే కదా. ఇవాళ నాలుగింటిలోగా ఇవ్వాలి. సంతకం లేకపోతే సినిమా లేదు. సినిమా లేకపోతే ట్రైనింగే.

ఎదురుగా అడగమంటే ఇది ససేమిరా అంది. ఏం చేసిందో తెలుసా, ఆ ఒప్పుకోలు కాగితాన్ని, ఆయన సంతకాలు పెట్టే ప్రోగ్రెస్ కార్డుల మధ్య దూర్చేస్తానని ఇంటికి బయల్దేరింది. చెవి పట్టుకుని ఆపాను. దొంగచాటుగా తీసింది చాలదా? … అందులో నా వాటా ఉంది, ఒప్పుకుంటున్నాగా.

అందుకే నీకు చేశాను. ఆయన ఇంటికి రాగానే మెల్లగా కదిపి చూడు. ప్యాంట్ల మాట ఎత్తకుండా. … ఎత్తకుండా ఎలా ఉంటావా? ఒక్క పూట ఉండలేవూ? …

ఉండుండు. తలుపు చప్పుడు.

రండి బావగారూ. … ఆ, సిద్ధంగా ఉంది, ఇస్త్రీ కూడా చేశాను. … ఫోన్లోనా? మా అక్క. … మీ ఇంటావిడేనండి. … ప్యాంట్ల సంగతి చెప్పేశాను. గుమ్మం వైపు చూడకండి, కూర్చోండి.

అంతకంటే పెద్దది ఇంకోటుంది. మొన్న మీరిక్కడ కూర్చుని మాట్లాడారు కదా… అదిగో, అప్పుడు ఆ గుడ్డల వెనక కెమెరా ఉంది. … మీరున్నంతసేపూ నడుస్తూనే ఉంది. … మీ అమ్మాయి. … తప్పే. నాదీ, దానిదీ. మీరు వద్దంటే ఇక్కడే చెరిపేస్తుంది, ఎవరూ చూడరు. ముందు మీరొక్కసారి చూడండి. చూశాక తిట్టండి.

అక్కా, ఉన్నావా. మెల్లగా చెప్తా. … కోపంగానే ఉన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. దీని ల్యాప్‌టాప్ ముందు నిలబడే చూస్తున్నారు. … కొలుచుకునేది వచ్చింది. పొట్ట లోపలికి లాక్కున్నారు. … సినిమాలో కాదు, ఇప్పుడు.

… ఆ మాటలొచ్చాయి. … కళ్ళజోడు తీశారు. … చేత్తో స్టూలు కోసం వెతుక్కుంటున్నారు, నేనే జరిపాను.

అయిపోయింది.

… వంగారు. బల్ల కిందికి చూస్తున్నారు. 'నీడని అక్కడెందుకు ఆపావు?' అని అడుగుతున్నారు దీన్ని. … లేదు, తిట్టలేదు. అదే అడిగారు. … ఇది ఏదో గొణుగుతోంది, ఉండు, విననీ.

'నేనాపలేదు నాన్నా. అక్కడికొచ్చేసరికి మబ్బు పట్టింది' అంటోంది.

… నవ్వుతున్నారక్కా. … ఆయనే. స్టూలు ఊగిపోతోంది. ఇదీ బయటికొచ్చింది, నెత్తి నిండా దారాలు.

… సంతకం పెడతారట. కానీ… ఏమిటి బావగారూ? … నాలుగు కాదా? … అక్కా, నాలుగుసార్లు కాదట, తొమ్మిదిసార్లు చూశారట. నా ముందు సిగ్గేసి తగ్గించారట. లెక్క తప్పుగా ఉన్నదాని మీద సంతకం పెట్టను, ఆ ముక్క మళ్ళీ తియ్యి అంటున్నారు. … ఇది ఒప్పుకోవట్లేదు. ఆ ముసలాయన రెండోసారి తియ్యడు అంటోంది. … ఆయనకి లెక్కలు వచ్చుండవు అంటున్నారు బావగారు.

… వాదించుకుంటున్నారు. ఒకే స్టూలు మీద, చెరో అంచున కూర్చుని. … నేనెందుకు ఆపుతాను?

… తగువు తెగింది. చివర్లో పేర్లు పడేచోట, నాలుగు అన్నది తొమ్మిదిగా గ్రహించాలి అని వేస్తుందట. పుస్తకాల్లో తప్పొప్పుల పట్టికలాగా. … ఇద్దరికీ నచ్చింది.

కాగితం నింపుతున్నారు. … పేరు రాశారు. 'పాత్ర' అన్న చోట ఆగారు. … 'నాన్న' అని రాశారు.

… ఇది కొట్టేసింది. సినిమాలో మీరు నాన్న కాదు, కస్టమర్ అంటోంది. తనే రాసింది 'కస్టమర్' అని. … ఆయన మళ్ళీ లాక్కున్నారు. పక్కనే ఏదో కలుపుతున్నారు, పరీక్ష రాస్తున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని. … నాకు కనపడట్లేదు. బావగారూ, కాస్త జరగండి.

… చదువుతున్నా, విను. 'కస్టమర్. వరసకి దర్శకురాలి నాన్న.'

… ఏమోనక్కా. కాగితం దీని చేతికిచ్చారు. చదువుతోంది. పెన్ను కూడా దీని దగ్గరే ఉంది.

… లేదు. కొట్టెయ్యలేదు. ఊది సిరా ఆరబెడుతోంది.

… ఉంటా మరి.